టెండరు ధరతో ఆటగాణ్ణి తూచకండి

పొద్దున్నే మా ఊరు మద్దికెరలో టీ అంగడి బెంచీ మీద కూచుంటే రెండు రకాల ధరలు చెవిన పడతాయి. నిన్న ఆదోని యార్డులో పత్తి ఎంతకు పోయింది, పత్తికొండలో టమేటా గంప ఎంత పలికింది అన్నది ఒక మాట. ప్రో కబడ్డీ వేలంలో ఎవరు ఎన్ని కోట్లకు పోయారన్నది ఇంకో మాట. మొదటి మాట మాట్లాడేటప్పుడు మావాళ్ల గొంతులో కోపం ఉంటుంది. రెండో మాటకొచ్చేసరికి అవే కళ్లు మెరుస్తాయి. పత్తికి వ్యాపారి కట్టిన ధర అన్యాయమని ఒట్టేసి చెప్పే మనిషే, ఆటగాడికి ఫ్రాంచైజీ కట్టిన ధరను మాత్రం దేవుడు రాసిన రాతలా నమ్ముతాడు. ఆ నమ్మకం తప్పు. దాని మీదే నా పోరు.

ఆ నమ్మకం మాటల్లో ఇలా ఉంటుంది. ప్రో కబడ్డీలో మన జట్టు తెలుగు టైటాన్స్ ఓడితే, "దుడ్లు తియ్యరు న్నా, పెద్ద రైడర్ను కొనుంటే అయిపోయేది." పెద్ద రైడర్ను కొన్నాక కూడా ఓడితే, "ఇన్ని కోట్లు పోసినా వాడు ఆడలేదు, వాన్నిచ్చేసి ఇద్దర్ని తెచ్చుకోవాల." రెండు మాటలకూ వేరు ఒకటే. ధర ఎంతో ఆటగాడంత, ఆటగాళ్లు ఎంతో జట్టంత అన్న లెక్క అది. ఇది మా ఊరి కుర్రాళ్లు కనిపెట్టింది కాదు. వేలం జరిగిన ప్రతిసారీ టీవీలు చెప్పేదీ, పత్రికల పతాక శీర్షికలు చెప్పేదీ ఇదే.

ధర ఎలా పుడుతుందో మాకన్నా తెలిసినవాళ్లు ఎవరున్నారు? ఆదోని యార్డులో లాటు పోస్తాం. వ్యాపారులు వచ్చి చేతిలోకి తీసుకుని దూది లాగి చూస్తారు, టెండరు వేస్తారు. ఆ రోజు ఎందరు కొనేవాళ్లు వచ్చారు, జిన్నింగు మిల్లులకు సరుకు ఎంత కావాలి, వాన పడి తేమ ఎక్కిందా, వీటన్నిటినీ బట్టి అంకె తేలుతుంది. ఒకే చేలో ఒకే కూలీలు తీసిన పత్తి సోమవారం ఒక ధరకూ గురువారం ఇంకో ధరకూ పోతుంది. పత్తికొండలో టమేటా కిలో రూపాయికి పడిపోయిన రోజులు చూశాం. గంపలు రోడ్డు మీద పారబోసిన రోజులూ చూశాం. ఆ రోజు కాయలో పులుపేమీ తగ్గలేదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పెరవలి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వెతుకుతారు. దొరికిన రాయికి ఎంత వస్తుందనేది రాయి ఒక్కటే తేల్చదు. ఎందరు వ్యాపారులకు కబురు అందింది, అమ్మేవాడికి ఎంత అవసరం ఉంది, ఇవి కూడా తేలుస్తాయి. ఇన్ని తెలిసిన మనుషులం, వేలం పాటలో సుత్తి పడగానే తెలివి ఎందుకు పక్కన పెడతాం?

ఆటగాడి వేలం కూడా మార్కెట్టే. ఏ జట్టు సంచిలో ఎంత మిగిలింది, ఆ రకం ఆటగాడు ఎంతమందికి కావాలి, పట్టుదలకు పోయిన యజమానులు ఇద్దరున్నారా ముగ్గురున్నారా, వీటి మీదే అంకె నడుస్తుంది. రైడర్ పవన్ సెహ్రావత్‌నే తీసుకుందాం. 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఏషియాడ్ ఫైనల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచిన భారత జట్టుకు అతనే కెప్టెన్. అక్టోబరు 9న ముంబైలో వేలం మొదలైంది. మెడలో పతకం వేడి ఆరకముందే టైటాన్స్ అతనికి 2 కోట్ల 60 లక్షల 50 వేలు పాడింది. మరుసటి ఏడు అదే జట్టు అతన్ని 1 కోటి 72 లక్షల 50 వేలకు తిరిగి తీసుకుంది. 2025లో తమిళ్ తలైవాస్ 59 లక్షల 50 వేలకు కొనుక్కుంది. రెండేళ్లలో ఒక మనిషి ఆట నాలుగో వంతుకు పడిపోతుందా? కాలు కొంచెం నెమ్మదించి ఉండొచ్చు, గాయాలు అయ్యుండొచ్చు. అంతమాత్రాన నాలుగో వంతు కాదు. పడిపోయింది టెండరు.

అంత ధర పెట్టిన ఆ 2023 సీజన్‌లో టైటాన్స్ ఏమైంది? 22 మ్యాచుల్లో రెండు గెలిచింది. పన్నెండు జట్లలో పన్నెండోది. పవన్ ఆడలేదా అంటే, లీగ్‌లో ముందు వరుస రైడర్లలో అతనొకడు. అప్పటికి వరుసగా మూడో ఏడు టైటాన్స్ అట్టడుగున ఉంది. ఆ మూడు సీజన్లు కలిపి 66 మ్యాచుల్లో గెలిచినవి ఐదు. అన్ని ఓటములు చూసిన అభిమాని గుండె మంట నాకు తెలుసు. నాదీ అదే గుండె. కానీ ఆ మంటకు మందు ఇంకో రెండు కోట్ల మనిషి అనుకోవడం దగ్గరే మనం దారి తప్పుతున్నాం.

ఇది ఒక్క టైటాన్స్ కథ అయితే దురదృష్టం అనుకోవచ్చు. 2018 నుంచి 2025 దాకా ప్రో కబడ్డీలో ఏడు వేలాలు జరిగాయి. వాటిలో అందరికన్నా ఎక్కువ పలికిన మనుషుల వరుస చూడండి. 2018లో మోను గోయత్, హర్యానా స్టీలర్స్, 1.51 కోట్లు. హర్యానా తన జోన్‌లో చివరి స్థానం. 2019లో సిద్ధార్థ్ దేశాయ్, మన టైటాన్స్, 1.45 కోట్లు. పదకొండో స్థానం. 2021లో పర్‌దీప్ నర్వాల్, యూపీ యోధ, 1.65 కోట్లు. సెమీస్ దాకా వెళ్లారు, కప్పు రాలేదు. 2022లో పవన్, తమిళ్ తలైవాస్, 2.26 కోట్లు. 2023లో మళ్లీ పవన్. 2024లో సచిన్ తన్వర్, మళ్లీ తలైవాస్, 2.15 కోట్లు. ప్లేఆఫ్‌కు చేరలేదు. 2025లో ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్‌లూయి, గుజరాత్ జెయింట్స్, 2.23 కోట్లు. వాళ్లూ ప్లేఆఫ్‌కు చేరలేదు. ఏడింట ఒక్కసారి కూడా ఆ వేలంలో అందరికన్నా ఖరీదైన మనిషి చేతికి ఆ ఏటి కప్పు రాలేదు.

2022 సంగతి దగ్గర ఆగాలి. తలైవాస్ రెండు కోట్లకు పైగా పోసి కొన్న పవన్ తొలి మ్యాచులోనే మోకాలి గాయంతో ఆ సీజన్‌కు దూరమయ్యాడు. ధరే బలమైతే ఆ జట్టు ఆరోజే కూలిపోవాలి. అది తన చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్‌కు చేరింది. పవన్ లేకపోవడం వల్లే గెలిచారని నేననను, అది ఇంకో రకం మూఢనమ్మకం. మిగతా కుర్రాళ్లు ఆడారు, అంతే. వాళ్ల ధరలు ఎవరికీ గుర్తులేవు. మన టైటాన్స్ కూడా అంతే. పవన్‌ను వదిలేసిన 2025లో, విజయ్ మాలిక్ కెప్టెన్సీలో, ఎన్నో ఏళ్ల తర్వాత ప్లేఆఫ్ ఆడింది.

దీని కారణం ఆటలోనే ఉంది. కబడ్డీలో కూతకు పోయిన వాడు దొరికిపోతే చస్తాడు, గీత బయట కూచుంటాడు. రెండున్నర కోట్ల మనిషైనా అంతే. తనంతట తాను లేచి రాలేడు. ఇంకొకడు కూతకు పోయి ముట్టుకొచ్చినప్పుడో, మూలలో ఉన్నవాడు అవతలి రైడర్ చీలమండ దొరకబుచ్చుకున్నప్పుడో, తన వరుస వచ్చాక బతుకుతాడు. చచ్చినవాణ్ణి తోటివాళ్లు బతికించే ఆట ఇది. ఆ బతికించే చేతుల కోసం జట్టు దగ్గర డబ్బులు మిగిలుండాలి. 2023లో ఒక్కో జట్టు సంచి ఐదు కోట్లు. అందులో సగానికి పైగా ఒక్కడికే పోస్తే, గీత బయట కూచున్న అతన్ని లోపలికి పిలిచేవాళ్లకు మిగిలేది సగం కన్నా తక్కువ. పవన్ ఆట చాలక ఓడలేదు. అతను బయట కూచున్న నిమిషాల్లో ఓడాం.

స్కోరు కార్డు కూడా మన కళ్లకు గంతలు కడుతోంది. రైడర్ ముట్టుకుంటే పాయింటు కనబడుతుంది, పట్టుకుంటే ట్యాకిల్ ఒకరి పేరు మీద పడుతుంది. కవర్‌లో ఉన్న ఇద్దరు అడుగు అడుగు కలిపి దారి మూసేస్తే, రైడర్ ముప్పై సెకన్లు అటూ ఇటూ చూసి ఒట్టి చేతులతో వెనక్కి పోతాడు. ఆ పనికి ఎవరి ఖాతాలోనూ ఏమీ పడదు. ఒక సీజన్‌లో ఎన్ని వందల కూతలు అలా ఒట్టిపోతాయో! నేను మ్యాచ్ చూసేటప్పుడు ఒక కాయితం మీద ఆ ఒట్టి కూతలకు గీతలు గీస్తుంటాను. ఒక సాయంత్రం అలా చేసి చూడండి. మీరు మ్యాచులో ఎవర్ని చూస్తున్నారనేదే మారిపోతుంది.

నా ఎదుటివాళ్ల దగ్గర ఒక గట్టి మాట ఉంది, దాన్ని దాటేసి పోతే న్యాయం కాదు. 2023లో పుణెరి పల్టన్ షాద్‌లూయికి 2.35 కోట్లు పెట్టి కప్పు గెలిచింది. మరుసటి ఏడు హర్యానా స్టీలర్స్ అతన్నే 2.07 కోట్లకు కొని తన మొదటి కప్పు గెలిచింది. "చూడున్నా, డబ్బు పెడితే కప్పు రాలేదా?" అని అడిగారు, న్యాయమైన ప్రశ్న. అతన్ని కొనకముందు ఆ జట్లు ఎక్కడున్నాయో చూడండి. పుణె అంతకు ముందు సీజన్ ఫైనల్లో జైపూర్ చేతిలో ఓడిన జట్టు. అస్లమ్ ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లను సొంతంగా తీర్చిదిద్దుకుని వాళ్ల మీదే నిలబడింది. వాళ్లు తక్కువ ధరవాళ్లు కాబట్టే సంచిలో రెండు కోట్లు మిగిలాయి. హర్యానా కూడా ముందటేడు ఫైనల్లో ఇదే పుణె చేతిలో ఓడింది. అంటే గోడలు లేచి, పైకప్పు వేసి, తలుపు ఒక్కటే మిగిలిన ఇళ్లకు అతను తలుపయ్యాడు. పైగా అతను ఎడమ మూల పట్టేవాడు, రైడర్ల కోసం ఎగబడే వేలంలో ఆ మూల బలం తెలిసి కొన్నారు. అదే షాద్‌లూయి 2025లో ఇంకా పునాదిలో ఉన్న జట్టుకు వెళ్లాడు. ధర దాదాపు అంతే, మనిషీ అతనే. జట్టు మాత్రం బయటే ఆగిపోయింది.

ఇక "వాన్నిచ్చి వీణ్ణి తెచ్చుకుందాం" అనే మాట. మా నాయన ఒంటెద్దును కొనడానికి సంతకు పోతే పొద్దంతా తిరిగేవాడు. ఇంట్లో ఉన్నది దాపటెద్దు, కావలసింది ఎలపటెద్దు. ఎత్తు సరిపోవాలి, నడక సరిపోవాలి, ఒకటి బిరబిరా నడిచి ఇంకొకటి ఈడ్చుకుంటే సాలు వంకర పోతుంది. సంతలో అన్నిటికన్నా ధర పలికిన ఎద్దును చూసి అందరూ మెచ్చుకుంటుంటే, మా నాయన పళ్లు చూసి, గిట్టలు చూసి, "మన దానికి జత కుదరదు" అని పక్కకు జరిగిపోయేవాడు. ఎడమ వైపు కూతకు అలవాటు పడ్డ రైడర్ను ఇంకో ఎడమ వైపు రైడర్ ఉన్న జట్టులోకి తెచ్చే ముందు ఈ సంత జ్ఞానం ఎవరికైనా గుర్తొస్తుందా? దసరా నాడు గుర్రాల పారువేట చూస్తూ పెరిగిన మా ఊరి ముసలివాళ్లకు కూడా ఇది చెప్పాల్సిన పనిలేదు. గుర్రాన్ని చూసి ఊరుకోరు, దాని మీద ఎవరు కూచున్నారో చూస్తారు.

ఆటగాళ్ల మారకం అనేది అమెరికా బాస్కెట్‌బాల్‌లో రోజువారీ కబుర్లు. మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్న డాలస్‌లో 2025 ఫిబ్రవరిలో జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అంతకు ముందు ఏడు జట్టును ఫైనల్ దాకా మోసుకుపోయిన లూకా డాన్సిచ్‌ను, ఇంకా పాతికేళ్ల కుర్రాణ్ణి, డాలస్ మావరిక్స్ లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేసి ఆంథనీ డేవిస్‌ను తెచ్చుకుంది. జట్టును నడిపే పెద్దమనుషులు అది లాభమన్నారు. అభిమానులు స్టేడియం ముందు గుమిగూడి ఏడ్చారు, జట్టు జనరల్ మేనేజరును తీసేయమని అరిచారు. అదే ఏడాది నవంబరులో ఆ మేనేజరును తీసేశారు. ఆ అభిమానులు మాట్లాడింది ధర కాదు. ఏళ్ల తరబడి కళ్లారా చూసిన ఆట గురించి మాట్లాడారు. నిర్వాహకుడి కుర్చీలో కూచున్నట్టు ఊహించుకుని కొనుగోళ్లు, అమ్మకాలు నడిపే అలవాటు మనకెందుకు? మనకు జీతం ఇచ్చి ఆ పని చేయమని ఎవరూ అడగలేదు. మన పని చూడటం. అది చిన్న పని కాదు, సరిగ్గా చేస్తే చాలా తక్కువమందికి చేతనయ్యే పని.

ఒక అపార్థం రాకుండా చెబుతాను. ఆటగాళ్లకు కోట్లు రావడం నాకు సంతోషం. రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం దొరికితే అదే స్వర్గం అనుకున్న కబడ్డీ ఆటగాళ్ల బతుకులు నాకు తెలుసు. మోకాలు పోతే అక్కడితో ఆట సరి. 2014లో ఈ లీగ్ మొదలయ్యాక వాళ్ల ఇళ్లల్లో పొయ్యి బాగా వెలిగింది. ఆ డబ్బు వాళ్ల హక్కు. రైతుకు పత్తి ధర ఎక్కువ రావాలని కోరుకున్నట్టే ఆటగాడికీ ఎక్కువ రావాలని కోరుకుంటాను. కోరుకోవడం వేరు, ఆ అంకెతో అతన్ని తూచడం వేరు. తక్కువ ధరకు పోయిన పత్తిని చూసి "నీ పత్తి నాసిరకం" అని ఎవడైనా అంటే మనం ఊరుకుంటామా? తొమ్మిది లక్షల కనీస ధరకు పోయిన డిఫెండర్ గురించి మనం రోజూ అంటున్న మాట అదే.

కొన్నేళ్ల కింద పక్క ఊరి జాతరలో మా ఊరి జట్టు ఆడింది. మా రైడర్ ఆ సాయంత్రం పద్నాలుగు పాయింట్లు తెచ్చాడు. చూసినవాళ్లు అతని చొక్కాకు వంద నోట్లు పిన్నీసులతో గుచ్చారు. అతను నాలుగుసార్లు దొరికిపోయి బయట కూచున్నాడు. ప్రతిసారీ రెండు మూడు కూతలు తిరక్కుండానే మళ్లీ లోపల ఉన్నాడు. ఎడమ మూల పట్టేవాడు శెనక్కాయ మండీలో మూటలు మోసే మనిషి. రాత్రి ఆటోలో తిరిగొస్తుంటే అందరూ పద్నాలుగు పాయింట్లూ ఒక్కొక్కటిగా మళ్లీ చెప్పుకుంటున్నారు. అతను చివర కూచుని వాచిన మోచేతికి తడిగుడ్డ చుట్టుకుంటున్నాడు. "నువ్వు ఎంతమందిని పట్టినావబ్బీ?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఐదారు ఉంటాయేమో న్నా, వాడు బయటుండె కదా, నేను లెక్క పెట్టలే" అన్నాడు.