రాలుట, ఊడుట, తెగుట

తలస్నానమైన పిమ్మట దువ్వెనలో చిక్కిన వెండ్రుకల ఉండను చూచి బెదరని విద్యార్థిని ఈనాడు అరుదు. ఆ బెదురునకు కారణముగా తఱచు వినవచ్చు పేరు షాంపూ. అందునను, జిడ్డును, పేరుకొనిన పూతలను సమూలముగా కడిగివేయునట్టి క్లారిఫైయింగ్ షాంపూ అను రకము నేడు అంగళ్ళలో విరివిగా దొరకుచున్నది. దానిని వాడిన నాడు కురులు గరకెక్కినవనియు, ఎంత దువ్వినను చిక్కు వీడదనియు, దోసెడు జుట్టు రాలిపోయినదనియు ఫిర్యాదు. ఆ షాంపూ పడలేదని ఒకరు, కుంకుడుకాయను విడిచినందుకు ఇది ఫలమని ఇంకొకరు, ఊరి నీరే మంచిది కాదని మఱియొకరు తీర్పు చెప్పుదురు. తీర్పులు త్వరగా వచ్చుచున్నవి గాని విచారణ జరుగుట లేదు.

ఈ విచారణకు తెలుగు భాషయే చక్కని పనిముట్టు నిచ్చుచున్నది. శిరోజము తలను విడుచుటను చెప్పుటకు మన కున్నది ఒక్క క్రియ కాదు. మూడు క్రియలు కలవు. పండుటాకువలె కాలము తీరి తనంత తాను విడుచుట రాలుట. కాలము తీరకయే పట్టు సడలి కుదురునుండి వచ్చుట ఊడుట. నడుమ త్రుంగి తునుకయగుట తెగుట. పల్లెలోని పండుముదుసలి సైతము ఆకు రాలినదనును, పన్ను ఊడినదనును, దారము తెగినదనును; ఒకదాని చోట మఱియొకటి వాడదు. నేటి వ్యాపారప్రకటనలు ఈ మూటిని కలిపి హెయిర్ ఫాల్ అను ఒక్క మాటగా చేసినవి. మాట ఒక్కటి యగుటచే రోగ మొక్కటియే యనియు, రోగ మొక్కటి యగుటచే మందు నొక్కటియే యనియు జనము నమ్ముచున్నది. ఈ మూటిని మరల వేఱుచేయనిదే షాంపూ చేసిన నేరమెంతయో, చేయనిదెంతయో తేలదు.

మొదట రాలుట. మనుష్యుని తలపై సుమారు లక్ష వెండ్రుకలుండును. ప్రతి వెండ్రుకకును ఒక ఆయుర్దాయము కలదు. రెండు మొదలు ఆఱు సంవత్సరముల వఱకు అది నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగును. పిదప రెండు మూడు వారములలో ఆ పెరుగుదల ముగియును. ఆ మీద సుమారు మూడు నెలలు కుదురులో ఊరక నిలిచియుండి, తుదకు రాలిపోవును. ఆ కుదురుననే క్రొత్త వెండ్రుక మొలచును. ఆరోగ్యవంతుల తలలో ఏనాటికానాడు నూటికి 85 మొదలు 90 వెండ్రుకలు పెరుగుదశలో నుండగా, మిగిలినవి చాలవఱకు విశ్రాంతిదశలో నుండును. ఈ లెక్కన దినమునకు 50 మొదలు 100 వెండ్రుకలు రాలుట ప్రకృతిధర్మము. అనగా, నేడు రాలిన వెండ్రుక పెరుగుట మానినది కొన్ని నెలల క్రిందటనే. ఈ ఉదయము తలకు రాచిన షాంపూ దానిని రాల్చినదనుట, నేటి వానకు నిరుడు చెరువు నిండినదనుట వంటిది.

మఱి స్నానము నాడే దోసెడు జుట్టు కనబడుట ఏల? కుదురు విడిచిన ప్రతి వెండ్రుకయు వెంటనే నేల చేరదు. జడ అల్లికలో ఇఱుకుకొని, నూనెజిడ్డుతో తోటి వెండ్రుకల నంటుకొని, విడిచియు విడువనట్లు నిలుచును. వారమున కొకసారి తలస్నానము చేయు బాలిక జడలో ఇట్టివి వారము దినములవి కూడియుండును. జిడ్డును సమూలముగా తీసివేయు షాంపూ వాటి పట్టును విడిపించును. ఏడు దినముల రాలుబడి ఒక్కమాఱు కంటబడును. సంతనాడు గుమిగూడిన జనమును చూచి ఊరి జనాభా పెరిగినదని ఎవ్వరు నందురు? ఈ రాలుట విషయమున షాంపూ నిర్దోషి.

ఊడుట వేఱు. తీవ్రజ్వరము, శస్త్రచికిత్స, ప్రసవము, సన్నబడవలెనని ఆహారమును అతిగా తగ్గించుట మొదలగునవి శరీరమును కుదిపినపుడు, ఇంకను పెరుగవలసిన వెండ్రుకలు అనేకము ఒక్కసారిగా విశ్రాంతిదశకు మఱలును. రెండు మూడు నెలలు గడచిన పిమ్మట అవి కుచ్చులుగా ఊడును. వైద్యులు దీనిని టెలోజెన్ ఎఫ్లూవియం అందురు. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ సోకి కోలుకొనినవారిలో పలువురు కొన్ని వారములకో, నెలలకో ఈ స్థితినే చూచిరి. సాధారణముగా ఇది కొన్ని నెలలలో తనంత తానే సర్దుకొనును. చిక్కు ఎక్కడనగా, జుట్టు ఊడునాటికి జ్వరము మాట ఇంటిల్లిపాదియు మఱచియుందురు. కంటి యెదుట నున్నది స్నానాలగదిలోని సీసా. నింద దానిపై పడును. ఒక సీసాను పాఱవైచి మఱియొక సీసా కొందురు. కాలక్రమమున జుట్టు సర్దుకొనగా ఆ రెండవ సీసాకు కీర్తి వచ్చును.

ఇంతకంటె గురుతరమైన విషయ మొకటి కలదు. శరీరమున ఇనుము కొఱవడినను, థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకున్నను జుట్టు ఊడుట కలదు. 2019-21 నడుమ జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల వయస్సుగల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. తరగతిలో ఇరువదిమంది బాలికలున్నచో వారిలో పన్నెండుమంది మాట ఇది. జుట్టు ఊడుచున్నదని చెప్పు బాలిక మెట్లెక్కునపుడు ఆయాసపడుచున్నదా, మొగము పాలిపోయినదా అని అడుగువారు లేక, ఏ షాంపూ వాడుచున్నావని అడుగువారే యున్నచో, దేహము చేయుచున్న హెచ్చరిక వినబడకయే పోవును. రక్తపరీక్షకు, కందిపప్పునకు, ఆకుకూరకు పోవలసిన రూకలు పరిమళద్రవ్యములకు పోవును. షాంపూను నిందించుటలోని అసలు నష్టము ఇది.

ఊడుటకు బడియే కారణమగు సందర్భమును కలదు. నుదుటి వెండ్రుకలను వెనుకకు లాగి, కణతలు బిగియునట్లు ప్రతిదినము జడలు వేసి రిబ్బను కట్టినచో, ఆ లాగుడునకు నుదుటి అంచున, కణతల వద్ద కుదుళ్ళు బలహీనపడును. ఏండ్ల తరబడి సాగినచో అచ్చట మరల మొలవకను పోవచ్చును. క్రమశిక్షణకు రెండు జడలు చాలును, బిగువు అక్కఱలేదు.

ఇక తెగుట. ఇచ్చట షాంపూ నిర్దోషి యనుటకు వీలులేదు. వెండ్రుక పైని, ఇంటికప్పున పెంకులవలె, ఒకదానిపై నొకటి వాలిన సన్నని పొలుసులు కలవు. తలచర్మమున ఊరు చమురు వాటిపై పలుచని పూతయై వెండ్రుకల నడుమ రాపిడిని తగ్గించును. క్లారిఫైయింగ్ షాంపూలో మురికిని తీయు ద్రవ్యములు బలమైనవి. సోడియం లారిల్ సల్ఫేట్ వంటివి వానిలో తఱచు కానవచ్చును. మెత్తదనము నిచ్చునవి స్వల్పము, లేదా శూన్యము. చమురుపూత పోగా రాపిడి హెచ్చును, ఒక వెండ్రుక పొలుసు ఇంకొకదానిని పట్టుకొనును, చిక్కు పుట్టును. పైగా తడిసిన వెండ్రుక నీటిని పీల్చి ఉబ్బును, పొడిదానికంటె హెచ్చుగా సాగును, బలము తగ్గును. సరిగా ఆ సమయముననే బడికి వేళయైనదని సన్నపళ్ళ దువ్వెనతో మాడునుండి కొనవఱకు లాగుదురు. చిక్కు జాఱి కొనల వద్ద ముడి బిగియును. ముడి వీడదు, వెండ్రుక తెగును. షాంపూ చిక్కును పుట్టించినది, దువ్వెన తెంచినది. నేరము ఉమ్మడి.

తెగినదో రాలినదో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కఱలేదు. దువ్వెనలోని వెండ్రుకను తెల్లకాగితముపైనో, నల్లని గుడ్డపైనో పెట్టి చూడవలెను. ఒక చివర తెల్లని చిన్న బొడిపె యున్నచో అది కుదురునుండి వచ్చినది. బొడిపె లేక పొట్టితునుకగా నున్నచో తెగినది. వ్యాపారప్రకటనలు వ్రాయువారికి ఈ భేదము తెలియనిది కాదు. జుట్టు రాలుటను అరికట్టుదుమని పెద్ద అక్షరములలో చాటి, తెగుటవలన కలుగు నష్టమును మాత్రమే యని అడుగున చీమతలకాయలంత అక్షరములలో వ్రాయుట వానిలో చూచినదే. పాఠశాలలో చదువు నేర్చినవారు చిన్న అక్షరములను గూడ చదువవలెను.

అట్లయిన షాంపూను విడిచి కుంకుడుకాయకు మఱలుటయే తరుణోపాయమా? పలువురు పెద్దల మాట ఇది; ఇందు సత్యము సగమే. కుంకుడుకాయ నురుగునకు కారణము అందలి సాపోనిన్లు. అవియు జిడ్డును తీయునవియే. నూనె పెట్టని తలను కుంకుడు రసముతో రుద్దినచో ఆ జుట్టును పీచువలె నగును. మన పూర్వుల నేర్పు కాయలో లేదు, క్రమములో నున్నది. తలంటు అను మాటలోనే ఆ క్రమము ఇమిడియున్నది. అంటుట యనగా నూనె పట్టించి మర్దించుట. కడుగుట దాని తరువాయి. భోగినాడు, ఉగాదినాడు, దీపావళినాడు ముందు నూనె, ఆపై కుంకుడో సీకాయయో; రసములో నలిపిన మందారాకు జిగురు వెండ్రుకలు ఒకదానిపై నొకటి జాఱుటకు తోడ్పడెడిది. నేటి కండిషనరు చేయు పనికి అది పల్లెటూరి పూర్వరూపము.

విచిత్రమేమనగా షాంపూ అను మాటయు ఒకప్పుడు ఈ అంటుటనే చెప్పినది. ఒత్తుట, మర్దించుట అను అర్థముగల హిందీ చాంప్నా అను క్రియనుండి అది పుట్టినది. పాట్నాలో 1759లో జన్మించిన షేక్ దీన్ మొహమ్మద్ ఇంగ్లండునకు పోయి, బ్రైటన్ పట్టణమున ఆవిరిస్నానముతో కూడిన మర్దనశాలను నడపి, 1822లో షాంపూయింగ్ అను పేర గ్రంథమును ప్రకటించెను. ఆ పేరులో నున్నది ఒళ్ళు పట్టుటయే గాని తల కడుగుట కాదు. మాట సీమకు పోయి మరలివచ్చునప్పటికి మర్దన జాఱిపోయి కడుగుట మాత్రము మిగిలినది. మాటతోపాటు మన ఇండ్లలో అలవాటును అట్లే మాఱినది: నూనె పోయి నురుగు నిలిచినది.

ఈ నూనె మాట కేవలము పాతదనముమీది మమకారము కాదు. ఆర్తి రేలే, ఆర్.బి. మోహిలే అనువారు 2003లో ప్రకటించిన పరిశోధనలో కొబ్బరినూనె, ప్రొద్దుతిరుగుడు నూనె, ఖనిజతైలము అను మూటిని పరీక్షించిరి. కడుగుటకు ముందు పెట్టినను, తరువాత పెట్టినను వెండ్రుకలోని మాంసకృత్తుల నష్టమును గణనీయముగా తగ్గించినది కొబ్బరినూనె యొక్కటియే. దానిలోని లారిక్ ఆమ్లము వెండ్రుక లోనికి చొరగలదని వారు కారణము చెప్పిరి. ఆ పరిశోధకులు కొబ్బరినూనె నమ్ము సంస్థలోనివారే యనుటయు విద్యార్థులకు తెలియవలెను. ఎవరు చెప్పినారో తెలిసికొని, ఏమి చెప్పినారో పరీక్షించుట విద్యయొక్క లక్షణము.

కావున క్లారిఫైయింగ్ షాంపూను వెలివేయ నక్కఱలేదు. దాని స్థానమున దానిని నిలుపవలెను. బోరునీటి కఠినత్వముతో సబ్బు కలిసి తలపై తెట్టుకట్టినపుడు, పూతలు పేరుకొని జుట్టు బరువెక్కినపుడు అది ఉపయోగించును. చాకిరేవు ఉతుకుడు పట్టుచీరకు దినదినము పనికిరానట్లే, ఇదియు ప్రతి స్నానమునకు పనికిరాదు. కొన్ని వారముల కొకసారి చాలును. స్నానమునకు ముందే చిక్కు తీయవలెను. కొంచెము నూనె పట్టించవలెను. షాంపూను నీటిలో కలిపి మాడునకు మాత్రము వ్రేళ్ళతో రాచి, జాఱు నురుగుతోనే కొనలను కడుగవలెను. జుట్టునంతయు నడినెత్తిన ముద్దచేసి రుద్దరాదు. పిదప కొనలకు కండిషనరు పెట్టి కడుగవలెను. తుండుగుడ్డతో ఒత్తవలెను గాని విదిలించి కొట్టరాదు. వెడల్పు పళ్ళ దువ్వెనతో మొదట కొనలను, ఆపై నడుమను, తుదకు మొదళ్ళను దువ్వవలెను. ఇంత చేసినను నెలల తరబడి జుట్టు ఊడుచున్నను, పాపట వెడల్పగుచున్నను, ఎక్కడనైన గుండ్రముగా ఊడి చర్మము కనబడుచున్నను వైద్యుని చూడవలెను.

ఉపాధ్యాయులు ఈ విషయమున చేయదగినది కొంత కలదు. వసతిగృహములలో ఒక్క ఆదివారము ఉదయమున అందఱు బాలికలును కొలాయిల వద్ద త్వరపడి తలస్నానము ముగింపవలసి యుండును. అచ్చట నీటికి, సమయమునకు వెసులుబాటు కల్పించుట సీసా మార్చుటకంటె మేలు. విజ్ఞానశాస్త్ర బోధకులు దువ్వెనలోని వెండ్రుకను భూతద్దము క్రింద పెట్టించి రాలినదో తెగినదో విద్యార్థులచేతనే చెప్పింపవచ్చును. భాషాబోధకులు అదే గంటలో మూడు క్రియలను వ్రాయించి వాటి భేదమును చెప్పింపవచ్చును. జుట్టు పోవుచున్నదని ఒక బాలిక కంటతడి పెట్టినపుడు, రాలుచున్నదా, ఊడుచున్నదా, తెగుచున్నదా అని ముందుగా అడుగవలెను. ఊడుచున్నదని చెప్పినచో మూడు నెలల క్రిందట జ్వరము వచ్చినదా అని, కడుపునిండ తినుచున్నదా అని పిమ్మట అడుగవలెను. షాంపూ పేరు అడుగుట ఆ తరువాతి మాట.