ముఖ్యార్థానికి బాధ ఎక్కడ?

పాటలో వింత పదచిత్రం కనబడితే చాలు, మన వ్యాఖ్యాతలకు పూనకం వస్తుంది. పాము అంటే కుండలిని, తొమ్మిది వాకిళ్ల ఇల్లంటే దేహం. తత్త్వాలకు ఈ తాళంచెవి సరిపోయిందంటే, వాటిని కట్టినవారే ఆ తాళం వేశారు గనుక. అదే చెవితో ఊళ్లోని తలుపులన్నీ తెరవబోతేనే నా పేచీ.

బిల్లీ హాలిడే 1939లో పాడిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ సంగతి చూడండి. అందులో చెట్లకు వేలాడే పండ్లు మనుషుల శవాలు. "అధివాస్తవిక చిత్రణ, జీవితపు అనిత్యతకు ప్రతీక" అని ఒక గోష్ఠిలో ఒక వక్త సెలవిచ్చారు. సభ చప్పట్లు కొట్టింది.

అయ్యా, అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారిని మూకలు నిజంగానే చెట్లకు ఉరితీసేవి. ఆ దృశ్యాలను ఛాయాచిత్రాలు తీసి పోస్టుకార్డులుగా అమ్ముకొనేవారు. అటువంటి చిత్రమొకటి చూసి, రోజుల తరబడి మనసు కలతపడి ఈ గీతం వ్రాసినవాడు ఏబెల్ మీరొపొల్, న్యూయార్కులో బడిపంతులు (మా కులమే!). 1937లో అది మొదట అచ్చయినది ఉపాధ్యాయ సంఘం పత్రికలో. ఆయన చూసిన చిత్రం 1930లో ఇండియానా రాష్ట్రం మేరియన్ పట్టణంలో థామస్ షిప్, అబ్రాం స్మిత్ అనే యువకులను చంపినప్పటిదని చెబుతారు. ఇండియానా ఉత్తరాది రాష్ట్రమని గమనించాలి. ఆ పాపం దక్షిణాదికే పరిమితం కాలేదు.

లక్షణావృత్తికి పోవాలంటే ముందు ముఖ్యార్థానికి బాధ కలగాలని కదా శాస్త్రం. గంగలో గొల్లపల్లె అంటే, నీటిలో పల్లె నిలవదు గనుక ఒడ్డు అని అర్థం చెప్పుకొంటాం. ఈ పాటలో అటువంటి బాధ ‘పండు’ అన్న మాట దగ్గర మాత్రమే ఉంది. చెట్టు చెట్టే, శవం శవమే. వెలుగు కావలసినవాడు దీపాన్ని జాగ్రత్తగా చూసుకొన్నట్లు వ్యంగ్యం కావలసినవాడు వాచ్యాన్ని ఆదరించాలన్నాడు ఆనందవర్ధనుడు. మనవారు దీపం ఆర్పేసి వెలుగు వెదుకుతున్నారు. కారణం పాండిత్యం కాదు, పిరికితనం. శవాన్ని ‘అనిత్యత’ అనేస్తే హంతకుడి పేరు అడగనక్కరలేదు.

"అన్నీ అలాగే వాస్తవాలా?" అంటారు. కావు. జాన్ లెనన్ 1967లో ‘ఐ యామ్ ద వాల్రస్’ వ్రాసేటప్పుడు, తాను చదివిన బడిలోనే తమ పాటలకు అర్థాలు చెప్పిస్తున్నారని విని, కావాలనే అర్థంకాని మాటలు గుప్పించాడు. మా పంతుళ్లకు తగిన శాస్తి! అక్కడ శబ్దాన్ని ఆస్వాదించి ఊరుకోవాలి. ఏది ఏదో తేల్చాలంటే ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరంలో అని విచారించాలి. ఆ శ్రమ వద్దనుకొనేవారికే ప్రతీకలు ముద్దు.

హాలిడే ‘కెఫే సొసైటీ’లో ఈ పాటను చిట్టచివర పాడేది. వడ్డన ఆపించేవారు. ఆమె ముఖం మీద తప్ప దీపాలన్నీ ఆర్పేవారు. పాట ముగిశాక ఎంత చప్పట్లు కొట్టినా ఆమె తిరిగి వేదిక మీదికి వచ్చేది కాదు.