బొటనవేలు ఇరుక్కుంటే తప్పు పిల్లలది కాదు

బౌలింగ్ అనగానే మన ఇళ్లలో అందరికీ క్రికెట్టే గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది ఆ బౌలింగ్ గురించి కాదు. మాల్స్‌లోని గేమ్ జోన్‌లలో మూడు రంధ్రాలున్న బరువైన బాల్‌ని నున్నటి లేన్ మీద దొర్లించి, చివర్లో నిలబెట్టిన పది పిన్నులను పడగొడతారు చూడండి, ఆ టెన్‌పిన్ బౌలింగ్ గురించి. పుట్టినరోజు పార్టీలకు, పరీక్షలయ్యాక వెళ్లే క్లాసు ట్రిప్పులకు హైదరాబాద్‌లో ఇప్పుడు ఇది మామూలైపోయింది. మా స్టాఫ్‌రూమ్‌లో సోమవారం పొద్దున వినపడే కబుర్లలో సగం దీని గురించే.

ఆ గేమ్ జోన్‌లో కాసేపు నిలబడి గమనిస్తే ఒక దృశ్యం కనిపిస్తుంది. పదేళ్ల బాబు బాల్ ఎత్తుకుని నాలుగడుగులు వేస్తాడు, చెయ్యి ఊపుతాడు. కానీ బాల్ వదలాల్సిన చోట వదలదు. బొటనవేలు రంధ్రంలోనే ఉండిపోయి, ఒక్క క్షణం ఆలస్యంగా ఊడుతుంది. బాల్ గాల్లోకి లేచి లేన్ మీద ‘ధన్’మని పడి పక్క కాలువలోకి పోతుంది. వెనక సోఫాలో కూర్చున్న పెద్దవాళ్లు ‘ధైర్యంగా వదలరా’, ‘గట్టిగా విసురు’, ‘చెల్లి చూడు ఎంత బాగా వేసిందో’ అంటారు. రెండు మూడుసార్లు అలా జరిగాక ఆ బాబు ఫ్రెంచ్ ఫ్రైస్ తింటూ కూర్చుంటాడు. ‘మావాడికి ఆటలు రావండి, చదువు మాత్రం ఫర్వాలేదు’ అని మనం తీర్మానించేస్తాం.

నా అభిప్రాయం ఏమిటంటే, అక్కడ తప్పు చాలావరకు పిల్లవాడి ధైర్యానిది కాదు, వాడి చేతిలో పెట్టిన బాల్‌ది. ఆ బాల్ ఎంచింది ఎవరు? ఎక్కువసార్లు రంగు చూసి పిల్లలు, లేకపోతే తొందరలో మనం.

అసలు జరగాల్సింది ఇది. మధ్యవేలు, ఉంగరపు వేలు రెండు రంధ్రాల్లో, బొటనవేలు మూడో రంధ్రంలో ఉంటాయి. చెయ్యి గడియారం లోలకంలా వెనక్కి వెళ్లి ముందుకొస్తుంది. బాల్ కాలి మడమ పక్కకు వచ్చేసరికి ముందు బొటనవేలు బయటికి రావాలి, ఆ వెంటనే మిగతా రెండు వేళ్లు. అప్పుడు బాల్ గీత దాటి మెత్తగా, చప్పుడు లేకుండా లేన్ మీద వాలుతుంది. బొటనవేలు ఆలస్యమైతే బాల్ పైకి లేస్తుంది, లేదా చెయ్యి ఒంటికి అడ్డంగా లాగేసి బాల్ పక్కకు పోతుంది. అంటే సోఫాలోంచి లేవకుండానే చప్పుడుని బట్టి మనకు విషయం తెలిసిపోతుంది. ప్రతి బాల్‌కీ ‘ధన్’మంటే వేలు వదలడం లేదన్నమాట.

ఇక్కడ నాకు ఎప్పుడూ విచిత్రంగా అనిపించే విషయం ఒకటుంది. కౌంటర్‌లో షూ సైజు అడుగుతారు. సరిపోకపోతే మార్చి ఇంకో జత ఇస్తారు. వేలి సైజు మాత్రం ఎవరూ అడగరు. గాజుల షాపులో అమ్మాయి చెయ్యి ఒక్కసారి పట్టుకుని చూసి సైజు చెప్పేస్తారు. రెండు మూడు కిలోల బరువు వేలాడాల్సిన బొటనవేలికి ఆపాటి కొలత కూడా ఉండదు.

పైగా అక్కడి బాల్స్‌లోనే ఒక చిక్కు ఉంది. బాల్ మీద రాసిన 6, 8, 10 అంకెలు పౌండ్ల లెక్క. 6 అంటే దాదాపు 2.7 కిలోలు, 10 అంటే 4.5 కిలోలు. నియమాల ప్రకారం అత్యధికం 16 పౌండ్లు, అంటే 7 కిలోల పైమాట. అందరూ వాడుకునే ఈ బాల్స్‌లో సాధారణంగా తేలికైన వాటికి చిన్న రంధ్రాలు, బరువైన వాటికి పెద్ద రంధ్రాలు పెడతారు. తేలికైన బాల్ చిన్నపిల్లలది, వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి అన్నది లెక్క. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి మధ్య పిల్లలకు ఈ లెక్క తప్పుతుంది. వాళ్లకు వేళ్లు ముందే లావవుతాయి, చేతిలో బలం ఇంకా రాదు. తేలికైన బాల్ తీసుకుంటే వేలు ఇరుక్కుంటుంది, వేలు పట్టే బాల్ తీసుకుంటే చెయ్యి మొయ్యలేదు. ఏడో తరగతి అమ్మాయి ఒకామె ట్రిప్‌లో నాతో ‘మిస్, నా వేలే లావు’ అని చెప్పి చెయ్యి వెనక్కి దాచుకుంది. ఆ అమ్మాయి వేలికి ఏమీ కాలేదు. అదే బరువున్న బాల్స్ నాలుగు వెతికితే, కాస్త పెద్ద రంధ్రమున్నది ఒకటి దొరికింది.

కాబట్టి ఆట మొదలయ్యే ముందు ఒక ఐదు నిమిషాలు వెతకండి. బరువు గురించి చాలామంది కోచ్‌లు చెప్పే మాట, పిల్లల బరువులో పదో వంతు. 30 కిలోల పిల్లలకు 6 పౌండ్లు, మహా అయితే 7. తర్వాత బొటనవేలు మొదలుదాకా లోపల పెట్టించి, అటూ ఇటూ తిప్పమనండి. రంధ్రం గోడలు చర్మానికి తగులుతూనే వేలు తేలిగ్గా తిరగాలి, లాగితే ‘టప్’మని చప్పుడు రాకుండా జారాలి. ఆ తర్వాత బొటనవేలు లోపలే ఉంచి మిగతా రెండు వేళ్లను రంధ్రాల మీదుగా చాపమనండి. గోరు వైపు నుంచి రెండో కణుపు గీత ఆ రంధ్రాల దగ్గరి అంచుకు, లేదా కాస్త అవతలికి రావాలి. మూడు వేళ్లూ పెట్టాక అరచేతికీ బాల్‌కీ మధ్య ఒక పెన్సిల్ పట్టేంత సందు ఉంటే సరిపోయినట్టే. చెయ్యి మరీ సాగినట్టుంటే ఆ బాల్ వద్దు.

ఇది చదివి కొందరు ‘ఎందుకీ గోల, కాస్త పెద్ద రంధ్రమున్న బాల్ ఇస్తే పోలా’ అనుకోవచ్చు. యూనిఫామ్, బూట్లు కొనేటప్పుడు మనకు అలవాటే కదా, ‘వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది’ అని ఒక సైజు పెద్దది తీసుకుంటాం. బాల్ దగ్గర ఆ లెక్క ఎదురు తిరుగుతుంది. రంధ్రం వదులుగా ఉంటే బాల్ జారిపోతుందేమోనని పిల్లలు భయపడి, లోపల బొటనవేలిని కణుపు దగ్గర వంచి బిగించి పట్టుకుంటారు. వంగిన వేలు కొక్కెంలా పట్టేస్తుంది. అంటే వదులుగా ఉన్న రంధ్రంలో కూడా వేలు ఇరుక్కుంటుంది! ఇది మొదట నమ్మబుద్ధి కాదు గానీ, బిగుతు రంధ్రం, వదులు రంధ్రం రెండూ చివరికి ఒకే తప్పు చేయిస్తాయి.

ఈ బిగింపు టీచర్లకు కొత్తేమీ కాదు. ఒకటో తరగతిలో పెన్సిల్‌ని వేళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకునే పిల్లలు ఉంటారు. ‘వదులుగా పట్టుకో’ అంటే ఇంకా బిగిస్తారు. పెన్సిల్ జారిపోదని చేతికి నమ్మకం కుదరాలి, అప్పుడే వేళ్లు సడలుతాయి. బాల్ విషయంలోనూ అంతే. ‘వదులు, వదులు’ అని అరవడం వల్ల వేలు వదలదు. సరైన రంధ్రమున్న బాల్ చేతికిచ్చి, బొటనవేలు నిటారుగా ఉంచమని చెప్పండి. అడుగులు మొదలుపెట్టేదాకా బరువంతా రెండో చేతి మీదే ఉండాలి. నాలుగడుగుల నడక కూడా మొదట్లో వద్దు. గీత దగ్గర నిలబడి, చెయ్యి చిన్నగా ఊపి, ఎవరికో షేక్ హ్యాండ్ ఇస్తున్నట్టు అరచెయ్యి పక్కకు ఉంచి బాల్‌ని జారనివ్వాలి. పిన్నులు పడ్డాయా లేదా అని చూడొద్దు, చప్పుడు వినండి. ‘ధన్’ పోయి ‘సర్ర్’ వచ్చిందంటే వేలు వదిలినట్టే. మెషీన్‌ని కాసేపు మర్చిపోండి, స్కోరు బోర్డు మీద సున్నాలు పడితే పడనివ్వండి.

ఇంకో చిన్న సంగతి. మొదటి గేమ్‌లో సరిగ్గా పట్టిన రంధ్రం రెండో గేమ్‌కి బిగుతవుతుంది. ఆడేకొద్దీ వేలు వేడెక్కి, చెమట పట్టి కాస్త ఉబ్బుతుంది. రోజూ ఆడేవాళ్లు ఇందుకోసమే రంధ్రంలో పలచటి టేపు ముక్కలు అంటించుకుని, అవసరాన్ని బట్టి తీస్తూ వేస్తూ ఉంటారు. మనకంత అవసరం లేదు. ఒక పొడి రుమాలు చాలు, రెండో గేమ్‌కి బాల్ మళ్లీ చూసుకుంటే చాలు. లేన్ మీద నూనె పూస్తారు, అది బాల్‌కి అంటుకుని వస్తుంది. ప్రతిసారీ బాల్ తుడవడం అందుకే. ఇరుక్కుంటోంది కదా అని ఉంగరం ఊడదీసినట్టు సబ్బు, క్రీము మాత్రం రాయకండి. జారే బాల్ వెనక్కి ఊపినప్పుడు చేతిలోంచి ఊడి, వెనక నిలబడ్డ తమ్ముడి కాలి మీద పడుతుంది. తిరిగొచ్చే బాల్‌ని కూడా రెండు చేతులతో, పక్కల నుంచి ఎత్తడం నేర్పండి. వెనకాలే ఇంకో బాల్ వచ్చి తగిలితే మధ్యలో వేళ్లు నలుగుతాయి.

‘నెలకోసారి ఆడే ఆటకు ఇంత ఎందుకు’ అనే తల్లిదండ్రుల ప్రశ్నలోనూ న్యాయం ఉంది. అప్పుడప్పుడు ఆడేవాళ్లకు మహా అయితే వేలు ఎర్రబడుతుంది, మర్నాటికి తగ్గుతుంది. కానీ అకాడమీలో చేర్పించి వారానికి రెండు మూడు రోజులు ఆడిస్తున్న కుటుంబాలు కూడా మన స్కూల్లో ఉన్నాయి. రంధ్రం అంచు బొటనవేలి లోపలి వైపు మళ్లీ మళ్లీ ఒరుసుకుంటే అక్కడి నరం దెబ్బతింటుంది. తిమ్మిరి, జివ్వుమనడం, చిన్న గడ్డలా తగలడం దాని గుర్తులు. డాక్టర్లు దీన్ని ‘బౌలర్స్ థంబ్’ అంటారు. తిమ్మిరి ఉందని పిల్లలు చెబితే ‘ప్రాక్టీస్ ఎగ్గొట్టడానికి’ అనుకోకుండా ఆట ఆపించి డాక్టర్‌కి చూపించండి. పెన్ను పట్టుకునేదీ ఆ వేలితోనే.

అలా సీరియస్‌గా ఆడేవాళ్లకు సొంత బాల్ కొనొచ్చా అని అడుగుతారు. చేతి కొలత తీసుకుని రంధ్రాలు వేయించుకుంటే అంతకన్నా మంచిది లేదు. కానీ ఎదిగే పిల్లల చెయ్యి ఏడాదికే మారిపోతుంది. కొనేముందు, బొటనవేలి రంధ్రాన్ని తర్వాత మార్చి వేస్తారా అని అడగండి. ‘పెద్దయ్యాక కూడా ఆడుకుంటాడు’ అని బరువైనది కొని ఇంట్లో పెట్టడం మాత్రం దండగ.

అసలు బొటనవేలు పెట్టకుండా ఆడితే? ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్‌మోంటే చిన్నతనంలో తల్లిదండ్రుల బౌలింగ్ సెంటర్‌లోనే ఆడుతూ పెరిగాడు. పసివాడి ఒంటి చేతికి బాల్ బరువు ఎక్కువై రెండు చేతులతో వేయడం మొదలుపెట్టాడు. బొటనవేలు రంధ్రంలో పెట్టడు. పెద్దయ్యాక కూడా అలాగే ఆడి, అమెరికా ప్రొఫెషనల్ టూర్‌లో అత్యధిక మేజర్ టైటిళ్ల రికార్డు సాధించాడు. పిల్లవాడు రెండు చేతులతో దొర్లిస్తుంటే ‘అలా కాదు, సరిగ్గా వెయ్యి’ అని చెయ్యి విడదీసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఒకటో రెండో తరగతి పిల్లలైతే ఇంకా సులువు, కౌంటర్‌లో అడిగితే జారుడుబల్లలాంటి ర్యాంప్ ఇస్తారు. దాని మీద బాల్ పెట్టి తోస్తే చాలు, ఏ వేలూ రంధ్రంలో పెట్టక్కర్లేదు.

మా క్లాసు ట్రిప్‌లో ఈసారి షూస్ వేసుకున్నాక పదిహేను నిమిషాలు బాల్స్ ఎంచుకోవడానికే ఇవ్వాలని అడుగుతున్నాను. ఆటకున్న గంటలో అది తగ్గుతుంది, ఒక గేమ్ తక్కువ ఆడతారు. మీ పిల్లలు ఇంటికొచ్చి ‘ఒక్క గేమే ఆడాం’ అంటే కారణం ఇదీ. బొటనవేలికి పాత దెబ్బ ఏదైనా ఉంటే ముందురోజే డైరీలో రాసి పంపండి.