ఆపరేషన్ కన్నా ముందు ఓ స్టూలు

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటుంది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. కాఫీలు, టిఫిన్లు, బాక్సులు... ఆ పరుగులో పడ్డాక నొప్పి సంగతే మర్చిపోతాం. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి లేచామా, మళ్లీ అదే మేకు!

రెండేళ్లు ఇలాగే నెట్టుకొచ్చాను. "ఆ, మడమ నొప్పే కదా" అని ఇంట్లోవాళ్లూ అన్నారు, నేనూ అనుకున్నాను. అత్తయ్యగారు ఇటుక వేడిచేసి, దానిమీద జిల్లేడు ఆకులు పరిచి, మడమ ఆనించమనేవారు. ఆ పూటకి హాయిగానే ఉండేది. చివరికి ఎక్స్‌రే తీయిస్తే మడమ ఎముక కింద చిన్న ముల్లులాంటిది పెరిగిందని తేలింది. ఇంకేం, తెలిసినవాళ్లందరిదీ ఒకటే సలహా. "చిన్న రంధ్రం పెట్టి చేసేస్తారట, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చట, పీడా పోతుంది!" అని. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

డాక్టరుగారు మాత్రం "దోషి ఆ ముల్లు కాదమ్మా" అన్నారు. ఏ నొప్పీ లేనివాళ్ల మడమల్లోనూ అలాంటి ముళ్లు కనిపిస్తాయట. అసలు బాధంతా మడమ నుంచి వేళ్ల దాకా, విల్లుకి నారిలా, అరికాలి కింద బిగిసి ఉండే మందపాటి పట్టీది. ప్లాంటార్ ఫేషియా అంటారు దాన్ని. గట్టి నేల మీద గంటల తరబడి నిలబడినా, ఒళ్లు బరువెక్కినా, పిక్కలు బిగుసుకుపోయినా ఆ పట్టీ మడమ దగ్గర దెబ్బతింటుంది. రాత్రంతా ముడుచుకుని ఉన్నది, పొద్దున్న మొదటి అడుగుకి ఒక్కసారిగా సాగుతుంది. అదీ ఆ మేకు కథ.

మరి ఆ చిన్న రంధ్రం ఆపరేషన్ అబద్ధమా? కాదు. మడమ పక్కన చిన్న గాటు పెట్టి, సన్నటి కెమెరా గొట్టంతో చూస్తూ ఆ పట్టీలో కొంత భాగాన్ని మాత్రం కోసి వదులు చేస్తారు. 1991లో అమెరికాలో ఇద్దరు పాద వైద్యులు ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చారు. పెద్ద కోతతో పోలిస్తే గాయం చిన్నది, త్వరగా మానుతుంది. కానీ పట్టీ ఎక్కువగా తెగితే పాదం వంపు దిగిపోయి, పాదం బయటి అంచున కొత్త నొప్పి రావచ్చు. నరానికి దెబ్బ తగలొచ్చు. షుగరున్నవాళ్లకి గాయం మానడమూ ఓ సమస్యే. అందుకే ఆరు నెలల నుంచి ఏడాది దాకా మిగతా చికిత్సలన్నీ చేసి, అప్పటికీ తగ్గకపోతేనే దాని మాట ఎత్తాలంటారు. పదిమందిలో తొమ్మిదిమందికి ఆ అవసరమే రాదట.

ఆ మిగతా చికిత్సలేమిటంటారా? మంచం దిగకముందే కాలి వేళ్లను చేత్తో వెనక్కి లాగి పట్టుకోవడం. గోడకి చేతులాన్చి పిక్కల్ని సాగదీయడం. గడ్డ కట్టించిన నీళ్ల సీసాని అరికాలి కింద దొర్లించడం. మెత్తటి మడమ ఉన్న చెప్పులు ఇంట్లోనూ వేసుకోవడం. ఇంకొకటి, నిలబడడం తగ్గించడం.

అన్నిట్లోకీ ఖరీదైన మందు ఆ చివరిదే! మా అమ్మమ్మ కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగేది, పీట మీద కూర్చుని వండేది. మనకి వంటగట్టు వచ్చింది. పొగా పోయింది, వంగడమూ పోయింది, మంచిదే. కానీ కూర్చోవడమూ పోయింది! బండల నేల మీద, వట్టి కాళ్లతో, పూటపూటా నిలువుకాళ్ల కొలువు. "గట్టు దగ్గరికి ఎత్తు స్టూలొకటి కావాలి" అంటే మా ఇంట్లో నవ్వారు. ఆపరేషన్‌కి డబ్బు సర్దుతానన్న మావారికి స్టూలు కొనడం మాత్రం వింతగా తోచింది!

మాది శంషాబాద్. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలయ్యాక చుట్టూ హోటళ్లు, దుకాణాలు లేచాయి. ఊళ్లలోని ఆడవాళ్లెందరికో వాటిల్లో పని దొరికింది. మా వీధిలో ఉండే ఒకావిడ ఓ హోటల్లో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. రాతి నేల, డ్యూటీ ఉన్నంతసేపూ నిలబడే ఉండాలి. తనకీ ఇదే నొప్పి. "అక్కా, ఆ చిన్న ఆపరేషనైతే ఎన్నొద్దులు నాగా పెట్టాలె?" అని అడిగింది. గాటు చిన్నదైనా, రోజంతా నిలబడే పనికి మళ్లీ పోవాలంటే కొన్ని వారాలు పడుతుందన్నాను. "గన్నొద్దులు కూసునే రాతే ఉంటే, అసలు ఈ నొప్పే రాకపోవు గదక్కా!" అంది.

నా దగ్గర జవాబు లేదు. నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కోజికోడ్ బట్టల దుకాణాల ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం పోరాడితే 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. ఒక స్టూలు కోసం ఇంత పోరాటమా అనిపిస్తుంది కదూ?

ఆపరేషన్ వద్దని నేననడం లేదు. నిజంగా అవసరమైనవాళ్లకి అది వరమే. తిమ్మిరి, వాపు, రాత్రిళ్లు కూడా నిద్రపట్టనివ్వని నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించుకోవాల్సిందే. నేననేది ఒక్కటే. మన కాళ్లకి విశ్రాంతి ఇవ్వడం కన్నా వాటిని కోయించుకోవడమే సులువైపోయిందంటే, జబ్బు మడమలో మాత్రమే ఉన్నట్టా?

పట్టుబట్టి స్టూలు తెచ్చుకున్నాను. ఆరు నెలల వ్యాయామంతో నా మేకు చాలావరకు దిగిపోయింది. మీరూ అడగండి. ఈసారి చీరల దుకాణానికి వెళ్లినప్పుడు, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్న ఆ అమ్మాయితో "కాసేపు కూర్చోమ్మా" అనండి. యజమానికి వినబడేట్టు అనండి!