ఈగల చదువుకు మన డబ్బులా అంటున్నవారికి

ఈ ఏడాది మన సంఘం స్కాలర్‌షిప్‌కు వచ్చిన అర్జీల్లో ఒకదాన్ని పక్కన పెట్టారు. చింతామణి వైపు పట్టుపురుగులు మేపే ఇంటి అమ్మాయి. ఎమ్మెస్సీ జువాలజీ. పురుగుల నరాలు ఎలా పుట్టి పెరుగుతాయో చదవాలని రాసింది. నిబంధన ప్రకారం ఇంజనీరింగుకూ మెడిసిన్‌కూ మాత్రమే ఇస్తారట. కమిటీలో ఒక పెద్దాయన "ఈగలు లెక్కపెట్టేదానికి మన డబ్బులా?" అన్నారని విన్నాం. వారి మీద గౌరవం ఉంది గానీ ఈ మాటకు జవాబు చెప్పాల్సిందే.

బళ్ళారి రోడ్డులో జి.కె.వి.కె. మనకు కొత్త కాదు. ఏటా కృషి మేళాకు పోతాం, విత్తనాలు తెచ్చుకుంటాం. ఆ ఆవరణలోనే ఎన్.సి.బి.ఎస్. అనే పరిశోధనా కేంద్రం ఉంది. దాన్ని నిలబెట్టిన ఒబైద్ సిద్దిఖీ గారు జీవితంలో సగానికి పైగా ఈగల మీదే పెట్టారు. మగ్గిన అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగ, డ్రోసోఫిలా. హోమీ భాభా పిలుపుతో 1962లో బొంబాయిలోని టాటా సంస్థలో మాలిక్యులర్ బయాలజీ విభాగం మొదలుపెట్టిన మనిషి ఆయన. తర్వాత అమెరికాలో సీమోర్ బెంజర్‌తో కలిసి ఒక వింత రకం ఈగల్ని పరిశోధించారు. మామూలుగా బాగానే తిరుగుతాయి. వేడి కాస్త పెరిగితే కాళ్ళు పడిపోతాయి, చల్లబడితే మళ్ళీ లేస్తాయి. ఒక్క జీన్ చెడితే నరం ఎక్కడ ఆగిపోతుందో పట్టుకోవడానికి ఇది దారి. ఇద్దరి పేపరు 1976లో వచ్చింది.

అయితే ఏమిటంటారా? అలాంటి జీన్లలో 'పారా' ఒకటి. నరంలో సోడియం పోయే ద్వారాన్ని తయారుచేసేది అదే. మనం రాత్రి ప్లగ్గుకు పెట్టుకునే దోమల మందు దోమలో దెబ్బకొట్టేది ఆ ద్వారాన్నే. మందు పెట్టినా దోమలు చావడం లేదని విసుక్కుంటాం కదా, అందుకు ఒక కారణం ఆ జీన్‌లో వచ్చిన మార్పు. మనుషుల్లో దాని సాటి జీన్ చెడితే పసిపిల్లలకు మూర్ఛలో ఒక గట్టి రకం వస్తుంది. ఈగలు లెక్కపెట్టడమంటే ఇదీ.

బొంబాయికి తిరిగొచ్చాక వెరోనికా రోడ్రిగ్స్ గారితో కలిసి వాసన, రుచి తెలియని ఈగల్ని వెతికారు. ఎన్.సి.బి.ఎస్.లో ఆయన తర్వాత డైరెక్టరైన విజయరాఘవన్ గారి బృందం చూపింది మాకు ఇంకా ఆశ్చర్యం. పాకే పురుగు ఎగిరే ఈగగా మారేటప్పుడు పాత కండరాలు చాలావరకు కరిగిపోతాయి. కానీ ఒక్కో పక్క మూడు మాత్రం మిగిలి, ఆరుగా చీలి, ఎగిరే కండరాలవుతాయి. పాకించిన నరమే కొమ్మలు ముడుచుకుని, మళ్ళీ చిగిర్చి వాటిని అల్లుకుంటుంది.

కోలారు, శిడ్లఘట్ట వైపు మనవాళ్ళకు ఈ మార్పు కథ చెప్పాలా? నాలుగు జ్వరాలు దాటించి, చంద్రికల మీద వేసి, గూడు కట్టించిన చేతులు అవి. ఆడ పట్టుపురుగు కదలకుండా కూర్చుంటే మగది రెక్కలు కొట్టుకుంటూ ఎందుకు వెతుక్కుంటూ వస్తుందో తేల్చడానికి జర్మనీలో బుటెనాంట్ బృందం దాదాపు 5 లక్షల పట్టుచిలకల నుంచి ఆ వాసన పదార్థాన్ని తీసింది. 1959లో దాని నిర్మాణం బయటపెట్టారు. పురుగుల్లో అలా తేలిన మొదటి ఆకర్షణ వాసన అదే. మన అమ్మాయి అడుగుతున్న ప్రశ్న తన ఇంటి తట్టల్లోంచే వచ్చింది.

ఇంజనీరింగు పిల్లలకు ఇవ్వొద్దని మేము అనడం లేదు. వాళ్ళకు బ్యాంకు అప్పు సులువుగా పుడుతుంది, నాలుగేళ్ళకు జీతమూ వస్తుంది. మూలవిజ్ఞానం చదివే పిల్లకు ఆ రెండూ ఆలస్యం. అవసరం ఎవరికి ఎక్కువో చూసి ఇవ్వాలి గదా.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నిబంధనలో "సైన్సు పీజీ" అనే మాట చేర్చమని తీర్మానం పెడుతున్నాం. బలపరచేవాళ్ళు కింద మీ సభ్యత్వ నంబరు రాయండి. ఈ ఏడాది జాబితా ఇంకా అచ్చు కాలేదు కనుక ఆ అర్జీని మళ్ళీ తెరవమని కార్యదర్శి గారికి ఉత్తరం విడిగా ఇస్తున్నాం.