అక్షరము నిలువని ఐక్యము
బల్లపై కంప్యూటరును, చేతిలోని ఫోనును ఏకము చేయు సౌకర్యములను నేడు పలువురు కొనియాడుచున్నారు. 2014లో ఆపిల్ సంస్థ తెచ్చిన 'హ్యాండాఫ్' వలన ఫోనులో ఆరంభించిన జాబును కంప్యూటరులో ముగింపవచ్చును. మేలే, కాదనము. కాని 2018 ఫిబ్రవరిని తెలుగువారము మరువరాదు. 'జ్ఞా' అను మన అక్షరపు ఒకానొక సంకేతక్రమము కనబడినంతనే ఐఫోనులోని అనువర్తనములు కుప్పకూలినవి. మ్యాకు, వాచీలకును అదే గతి పట్టినది. జ్ఞానమునకు తొలి అక్షరమే గదా! అక్షరములను కూర్చు యంత్రాంగము ఉమ్మడి యగుటచే లోపమును ఉమ్మడియైనది. దిద్దుబాటు ఆ నెల 19న వచ్చినది. యంత్రములను కలుపుటకు ముందు తెలుగు, ఉర్దూ లిపులలో పరీక్షింపవలెనని మా వాదము. భద్రాచలము అడవి అంచు పల్లెల నుండి వచ్చు మా విద్యార్థులలో పలువురకు ఉన్నది ఒక్క ఫోనే. ఏ సంస్థదైనను, అది నిలిచిపోయిననాడు వారికి మరియొక యంత్రము లేదు.