తిట్టింది రాముణ్ణే

ఎదిగొచ్చిన కొడుకు పోయిన ఇంట్లో, మైల తీరిన రోజున, ఆ తల్లి దేవుడి పటం ముందు నిలబడి "నీకు కళ్లు లేవా?" అని అరిచింది. పెద్దవాళ్లు ఆవిడ నోరు మూయించారు. "తప్పమ్మా, దేవుణ్ణి అలా అనకూడదు. ఆయన ఏం చేసినా మన మంచికే" అన్నారు. నేనూ అక్కడే ఉన్నాను. ఏమీ అనలేకపోయాను. ఆ రోజు అనాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

దేవుడికి దగ్గరైనవాడు ప్రశ్నించడనీ, ఆయన మాట వినడమంటే నోరెత్తకుండా పడి ఉండడమేననీ మనలో పాతుకుపోయింది. ప్రవచనాల్లో ఇదే మాట, ప్రార్థన కూటాల్లోనూ ఇదే మాట. ఇది తప్పు. మన భక్తుల బతుకులే దీన్ని ఒప్పుకోవు.

కంచెర్ల గోపన్ననే చూడండి. నేలకొండపల్లివాడు, 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, నగలు చేయించి, తానీషా ఏలుబడిలో గోల్కొండ చెరసాల పాలయ్యాడు. పన్నెండేళ్లంటారు. ఆ చెరలో ఇక్ష్వాకు కులతిలకుడైన రాముణ్ణి పిలిచి ఆయన పాటగా చదివింది పద్దు. భరతుడి పచ్చల పతకానికి ఎంతయింది, సీతమ్మ చింతాకు పతకానికి ఎంతయింది అని ఒక్కో నగకీ లెక్క చెప్పి, ఎవరి సొమ్ముతో ఈ వైభోగమని నిలదీశాడు. రాముడి తండ్రినీ, మామనీ కూడా వదల్లేదు.

ఇదంతా నిందాస్తుతి, పైకి తిట్టు లోపల పొగడ్త అని సర్దిచెప్పేవాళ్లున్నారు. నేనొప్పుకోను. నిందాస్తుతి తీరిగ్గా కూర్చున్న కవి చేసే చమత్కారం. గోపన్న ఎందుకు తిట్టాడో ఆ పాట చివర తానే చెప్పుకున్నాడు: దెబ్బలకు ఓర్వలేక. తిట్టానని బాధపడొద్దని కూడా బతిమాలుకున్నాడు. దెబ్బలు తింటున్నవాడే అవతలివాడి మనసు నొచ్చుకుంటుందేమోనని బెంగపడ్డాడంటే, ఆ ఇద్దరి మధ్య ఎంత చనువుండాలి! పరాయివాడికి అర్జీ పెట్టుకుంటాం, అయినవాణ్ణి తిడతాం.

మరి శరణాగతి మాటేమిటంటారు. తెంగలై వైష్ణవులు దానికి పిల్లికూనను ఉదాహరణగా చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుంటుంది, పిల్లికూనను మాత్రం తల్లే నోట పట్టుకుని మోస్తుంది. నిజమే. కానీ తల్లి కాసేపు కనబడకపోతే ఆ కూనలు ఇల్లు పీకి పందిరేస్తాయి. ఆ అరుపు కూడా శరణాగతే.

బైబిల్లో యోబు పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకుని దేవుడితో వాదానికి దిగాడు. స్నేహితులు దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని తప్పంతా యోబుదేనన్నారు. దేవుడు సుడిగాలిలోంచి యోబును గద్దించిన మాట వాస్తవం, యోబు తలవంచిన మాటా వాస్తవం. అయినా ఆఖరికి దేవుడికి కోపం వచ్చింది ఆ స్నేహితుల మీద. తన గురించి సరిగ్గా మాట్లాడినవాడు యోబేనన్నాడు. గెత్సేమనేలో యేసు సైతం ఆ గిన్నె తప్పించమనే ముందు వేడుకున్నాడు, ఆ తర్వాతే తండ్రి చిత్తానికి ఒదిగాడు. గీతలో అర్జునుడు అడగాల్సినవన్నీ అడిగాకే చెప్పినట్టు చేస్తానన్నాడు. అంతకుముందు కృష్ణుడు కూడా బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమనే అన్నాడు.

దేవుడి మాట వినడాన్ని నేను కాదనడం లేదు. గోపన్న అంత తిట్టీ రాముణ్ణి వదిలిపోలేదు. నేను వద్దనేది భయంతో మూసుకున్న నోటిని. అది దేవుడికి పనికిరాదు, మధ్యవాళ్లకు పనికొస్తుంది. దేవుణ్ణే అడగడం మానేసినవాడు దేవుడి పేరు చెప్పుకునే మనిషిని ఏమడుగుతాడు?

భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి ఇప్పటికీ గోపన్న చేయించిన నగలు పెడతారు. వాటి లెక్క అడిగిన పాటనూ జనం పాడుకుంటూనే ఉన్నారు.

ఆ తల్లి అలా అరిచిన మర్నాడు పొద్దున్న నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లేసరికి, ఆవిడ అదే పటం ముందు దీపం వెలిగిస్తోంది. వెలిగిస్తూ, గొంతు తగ్గించి, మళ్లీ అదే మాట అడుగుతోంది.